ట్రిటియం పరీక్ష: నీటికి చేయించాలా, మనిషికి చేయించాలా?

2009 నవంబరులో కర్ణాటకలోని కైగా అణు విద్యుత్ కేంద్రంలో ఉద్యోగుల మూత్ర నమూనాలను ఎప్పటిలాగే పరీక్షిస్తుంటే, కొందరిలో ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం ఉండవలసిన దానికన్నా బాగా ఎక్కువగా కనిపించింది. ఆరా తీస్తూ వెళితే ఆ దారి ఒక వాటర్ కూలర్ దగ్గర ఆగింది. ట్రిటియం ఉన్న భారజలాన్ని (రియాక్టర్లలో వాడే బరువైన నీటిని) ఎవరో కావాలనే అందులో కలిపారని అధికారులు ప్రకటించారు. యాభై మందికి పైగా ఉద్యోగుల శరీరాల్లోకి అది చేరింది. ఈ ఉదంతంలో నన్ను ఆలోచింపజేసేది నేరం కన్నా అది బయటపడిన తీరు. కూలర్ నీటిని పరీక్షించి మనుషుల దాకా రాలేదు. మనుషులను పరీక్షించి కూలర్ దాకా వెళ్లారు.

ట్రిటియం పరీక్ష గురించి అడిగేవారు చాలావరకు ‘ఏ యంత్రం మంచిది, ఏ ల్యాబ్ మంచిది’ అని మొదలుపెడతారు. అంతకన్నా ముందు తేలవలసింది దేన్ని పరీక్షించాలన్నది. నా అభిప్రాయం ఇప్పుడే చెప్పేస్తాను. అణు కేంద్రం లోపల పనిచేసేవారి విషయంలో మనిషిని పరీక్షించాలి. చుట్టుపక్కల ఊళ్లవారి విషయంలో నీటిని పరీక్షించాలి. తిరగేసి చేస్తే డబ్బు పోతుంది, జవాబు మాత్రం రాదు.

ముందు కొలబద్దలు

ట్రిటియం హైడ్రోజన్‌కే మరో రూపం, దాదాపు మూడింతలు బరువైనది, రేడియోధార్మికత ఉన్నది. దాదాపు 12.3 ఏళ్లకు సగమవుతుంది. ఆక్సిజన్‌తో కలిస్తే అదీ నీరే అవుతుంది. నీటితో పాటే ఆవిరవుతుంది, నీటితో పాటే రక్తంలో కలుస్తుంది, చెమటలో పోతుంది. దాని నుంచి వచ్చే బీటా కణం ఎంత బలహీనమైనదంటే గాలిలో 6 మిల్లీమీటర్లు, నీటిలో 6 మైక్రోమీటర్లు వెళ్లేసరికి ఆగిపోతుంది. చర్మం పైన ఉండే మృతకణాల పొరను కూడా దాటలేదు. కాబట్టి బయట ఉన్నంతసేపు దానితో పేచీ లేదు. తాగినా, పీల్చినా, ఆ ఆవిరి చర్మం గుండా ఇంకినా అప్పుడు లెక్కలోకి వస్తుంది.

పరీక్ష ఎంచుకునే ముందు వేసుకోవలసిన ప్రశ్నల్లో అన్నిటికన్నా పెద్దది ఇది: ఏ సంఖ్య వస్తే మీరు చేస్తున్న పని మార్చుకుంటారు? ఆ నీళ్లు తాగడం మానేస్తారా, ఫిర్యాదు చేస్తారా, ఊరుకుంటారా? ఆ సంఖ్య తెలియకుండా చేయించిన పరీక్ష ఎంత సూక్ష్మమైనదైనా కాగితమే. తాగునీటికి వివిధ చోట్ల పెట్టుకున్న గీతలు ఇలా ఉన్నాయి (సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెకరెల్):

| ఎవరి గీత | లీటరుకు బెకరెళ్లు |
|---|---|
| ప్రపంచ ఆరోగ్య సంస్థ | 10,000 |
| కెనడా | 7,000 |
| అమెరికా | 740 |
| ఐరోపా సమాఖ్య | 100 |

ఒకే పదార్థానికి నూరు రెట్ల తేడా చూసి కంగారుపడవద్దు. రోజుకు రెండు లీటర్ల చొప్పున ఏడాది పొడవునా తాగితే 0.1 మిల్లీసీవర్ట్ (ఒంటికి అందే కిరణాల మోతాదుకు కొలమానం) మోతాదు వచ్చే స్థాయిని లెక్కగడితే సుమారు 7,600 బెకరెళ్లు వస్తుంది. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ పైకి సవరించి 10,000 అంది, కెనడా కిందికి సవరించి 7,000 అంది. అమెరికా గీత పాత మోతాదు లెక్కల మీద పుట్టింది. అక్కడి నివేదికల్లో అది 20,000 పికోక్యూరీలుగా కనిపిస్తుంది. 27 పికోక్యూరీలు ఒక బెకరెల్ అని గుర్తుంచుకోకపోతే గుండె ఆగినంత పని అవుతుంది. ఐరోపావారి 100 హాని మొదలయ్యే గీత కాదు. అది గంట లాంటిది. మోగితే ఈ ట్రిటియం ఎక్కడి నుంచి వస్తోంది, దానితో పాటు ఇంకేమైనా వస్తోందా అని వెతకాలి. లీటరుకు 100 బెకరెళ్ల నీటిని ఏడాదంతా తాగినా వచ్చే మోతాదు 1.3 మైక్రోసీవర్ట్‌లు. నేల నుంచి, ఆకాశం నుంచి, పీల్చే గాలి నుంచి సహజంగా మనిషికి ఏడాదికి సగటున అందేది 2,400 మైక్రోసీవర్ట్‌లు.

మీ గీత ఏదో తేల్చుకున్నాక, దానిలో పదో వంతును స్పష్టంగా చూడగల పద్ధతి చాలు. అంతకు మించిన సూక్ష్మతకు డబ్బు పెట్టవలసిన అవసరం ఒక్క సందర్భంలోనే ఉంటుంది. దాని గురించి చివర్లో.

మిగతా ప్రశ్నలు చిన్నవి. సంగతి జరిగింది నిన్ననా, ఆరు నెలల క్రితమా? ఫలితం గంటల్లో కావాలా, వారాలు ఆగగలరా? నమూనా చెడకుండా ల్యాబ్ దాకా చేరుతుందా?

వీటిని మొదటే పక్కన పెట్టండి

ఆన్‌లైన్‌లో దొరికే చేతి గీగర్ కౌంటర్‌తో ట్రిటియం కనబడదు. ఆ బీటా కణం గొట్టం గోడను దాటి లోపలికి వెళ్లలేదు. నీటి గ్లాసు పక్కన పెట్టి ‘ఏమీ లేదు’ అనే వీడియోలకూ, ‘ఏదో ఉంది’ అనే వీడియోలకూ ఒకే విలువ. ఒంటికి తగిలిన కిరణాలను నమోదు చేయడానికి ఉద్యోగులు ఛాతీ మీద పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి గామా కిరణాలకు మంచి సాక్షి, ట్రిటియానికి కాదు. మనిషిని పడుకోబెట్టి చూసే హోల్ బాడీ కౌంటర్ కూడా అంతే. లోపలున్న ట్రిటియం కిరణం ఒంటి బయటికే రాదు.

ఎక్కువమంది బోల్తా పడేది మొత్తం బీటా పరీక్ష దగ్గర. తాగునీటి ప్రమాణాల్లో మొత్తం ఆల్ఫా, మొత్తం బీటా అని రెండు వరుసలుంటాయి. మన ఐఎస్ 10500లోనూ ఉన్నాయి. రిపోర్టులో బీటా లేదని రాగానే రేడియోధార్మికత సంగతి తేలిపోయిందనుకుంటారు. ఆ పరీక్ష చేసే తీరు చూడండి: నీటిని పళ్లెంలో పోసి ఆవిరి చేసి, అడుగున మిగిలిన ఉప్పును కొలుస్తారు. ట్రిటియం నీరే కదా, ఆవిరితో పాటు ఎప్పుడో కిటికీలోంచి వెళ్లిపోయి ఉంటుంది. ట్రిటియం ఉందో లేదో తెలియాలంటే రిపోర్టులో ట్రిటియం అనే పేరుతో విడిగా వరుస ఉండాలి.

ఇంట్లో ఆర్ఓ ఉంది కదా అనేవారికి ఒక మాట. ఆర్ఓ నీటిలో కరిగినవాటిని ఆపుతుంది, ట్రిటియం నీటిలో కరిగింది కాదు, నీరే. యూవీ దీపం, బొగ్గు ఫిల్టరు, కాచి చల్లార్చడం, ఏదీ దాన్ని తీసేయదు. కాచితే గదిలోకి కాస్త ఆవిరి చేరుతుంది, అంతే.

నీటికి మూడు దారులు

| పద్ధతి | కావలసిన నీరు | చూడగల స్థాయి, లీటరుకు | పట్టే కాలం |
|---|---|---|---|
| నేరుగా లిక్విడ్ సింటిలేషన్ | 100 మి.లీ. సరిపోతుంది | సాధారణ యంత్రంలో 5–10 బెకరెళ్లు, మంచి యంత్రంలో 1 దాకా | ఒకటి రెండు రోజులు |
| విద్యుద్విశ్లేషణతో చిక్కబరచి లెక్కించడం | అర లీటరు నుంచి లీటరు | 0.1 బెకరెల్, అంతకన్నా తక్కువ | రెండు మూడు వారాలు |
| హీలియం-3 మాస్ స్పెక్ట్రోమీటర్ | అర లీటరు, లోహపు పాత్రలో | 0.01 బెకరెల్ కన్నా తక్కువ | నెలలు |

పోల్చుకోవడానికి ఒక సంఖ్య: నేటి వాననీటిలో ట్రిటియం లీటరుకు ఒక బెకరెల్ చుట్టుపక్కలో, ఇంకా తక్కువో ఉంటుంది. కొంత కాస్మిక్ కిరణాల వల్ల పై వాతావరణంలో పుడుతుంది, కొంత పాత అణుపరీక్షల శేషం. ఆ పరీక్షల వల్ల 1963 ప్రాంతంలో ఉత్తరార్ధగోళంలో కురిసిన వానల్లో ఇది వందల రెట్లు ఎక్కువ ఉండేది.

తాగునీటి కోసం అడిగే నూటికి తొంభై మందికి మొదటి దారి చాలు. చేసే పని చూడటానికి చిన్నదే. నీటిని ముందు స్వేదనం చేసి, రంగునూ ఉప్పునూ ఇతర రేడియోధార్మిక మూలకాలనూ వెనక వదిలేస్తారు. దాదాపు అంతా దిగే దాకా చేయాలి. ట్రిటియం నీరు కాస్త బరువు గనుక ఆలస్యంగా ఆవిరవుతుంది, మొదటి చుక్కలే పట్టుకుని ఆపితే ఫలితం తగ్గి వస్తుంది. అలా దిగిన నీటిలో 8 మిల్లీలీటర్లు తీసి, చిన్న సీసాలో 12 మిల్లీలీటర్ల సింటిలేషన్ ద్రవంతో (బీటా కణం తగిలితే మెరిసే ద్రవంతో) కలిపి, బాగా కుదిపి, మూత బిగించి చీకట్లో ఉంచుతారు. ఎందుకంటే ట్యూబ్‌లైటు వెలుగు తగిలిన ఆ ద్రవం కొన్ని గంటల పాటు తనంతట తానే మిణుకుమిణుకుమంటుంది. తొందరపడి లెక్కపెడితే ఆ మిణుకు కూడా ట్రిటియం ఖాతాలో పడుతుంది. తరువాత సీసా యంత్రంలోకి దిగుతుంది. ఒక్కో బీటా కణం ద్రవంలో ఒక్కో చిన్న మెరుపు మెరిపిస్తుంది. ఎదురెదురుగా ఉన్న రెండు కాంతి గ్రాహకాలకూ ఒకేసారి కనబడినదాన్నే యంత్రం లెక్కలో వేసుకుంటుంది.

ల్యాబ్‌ను అడగవలసిన ప్రశ్న యంత్రం మోడల్ గురించి కాదు. ‘మీ బ్లాంక్ నీరు ఎక్కడిది?’ అని అడగండి. ట్రిటియం లేని నీటితో పోల్చి చూస్తేనే మీ నీటిలో ఎంత ఉందో తెలుస్తుంది. వాన నీటితో దశాబ్దాలుగా సంబంధం తెగిన లోతైన పాత భూగర్భజలాన్ని ఇందుకు వాడతారు. కుళాయి నీటినే స్వేదనం చేసి బ్లాంక్‌గా పెట్టామని చెబితే, లీటరుకు 2 బెకరెళ్లు అన్న వారి ఫలితం మీద నేను నమ్మకం పెట్టుకోను. 2,000 అంటే మాత్రం నమ్ముతాను, ఆ స్థాయిలో బ్లాంక్ తేడా లెక్కలోకి రాదు. నీటిలో ట్రిటియం కొలవడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9698ను వారు పాటిస్తున్నారేమో కూడా అడగండి.

రెండో దారిలో నీటిలోకి రోజుల తరబడి కరెంటు పంపి హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడగొడతారు. తేలికైన హైడ్రోజన్ ముందు వెళ్లిపోతుంది, బరువైన ట్రిటియం ఎక్కువగా అడుగునే మిగులుతుంది. అర లీటరు నీరు ఇరవై మిల్లీలీటర్లకు దిగేసరికి ట్రిటియం పది ఇరవై రెట్లు చిక్కబడుతుంది. బోరు నీరు ఎంత పాతదో తేల్చే భూజల శాస్త్రవేత్తలకు ఇది రోజువారీ పని. ట్రిటియం వారికి శత్రువు కాదు, గడియారం. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కొద్దిపాటి ట్రిటియాన్ని నేలలోకి ఎక్కించి, వానాకాలం దాటాక అది ఎంత లోతుకు దిగిందో చూసి, దేశంలో పలుచోట్ల వాన నీరు ఎంత ఇంకుతోందో లెక్కగట్టింది.

మూడో దారి పరిశోధకులది. నీటిలోని వాయువులన్నీ తీసేసి, పాత్రకు సీలు వేసి, ట్రిటియం కొంత హీలియం-3గా మారేదాకా నెలల తరబడి కూర్చుని, ఆ హీలియాన్ని కొలుస్తారు. తాగునీటి అనుమానానికి ఇది అక్కరలేదు.

నమూనా పట్టడం దగ్గర ఒక్క జాగ్రత్త. శుభ్రమైన గాజు సీసాను అంచు దాకా నింపి, గాలి బుడగ లేకుండా మూత బిగించాలి. లోహాల పరీక్షకు కలిపినట్టు ఆమ్లం కలపకూడదు. చీకట్లో వెలిగే ముళ్ల చేతి గడియారం ఉంటే తీసి పక్కన పెట్టి పట్టండి. కొన్ని గడియారాల్లో ఆ వెలుగు ట్రిటియానిదే.

మనిషికి

ఇక్కడ పోటీ పెద్దగా లేదు. మూత్ర పరీక్షే రాజు. లోపలికి వెళ్లిన ట్రిటియం నీరు రెండు మూడు గంటల్లో ఒంట్లోని నీరంతటితో కలిసిపోతుంది. అప్పటి నుంచి మూత్రంలోనూ రక్తంలోనూ చెమటలోనూ దాని గాఢత ఒకటే. సూది గుచ్చనక్కరలేదు, రోజంతా పట్టి దాచనక్కరలేదు. ఒక్కసారి ఇచ్చిన నమూనా, అందులో ఒక మిల్లీలీటరు, యంత్రంలో కొద్ది నిమిషాలు.

అంత త్వరగా చూసినా సరిపోవడానికి కారణం లెక్కలో ఉంది. ఒక్కసారిగా లోపలికి వెళ్లిన సందర్భంలో, మూత్రంలో లీటరుకు 10 లక్షల బెకరెళ్లు ఉంటే మొత్తం మీద అందే మోతాదు సుమారు 0.76 మిల్లీసీవర్ట్. మన దేశంలో అణు కేంద్రాల ఉద్యోగులకు ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్ట్‌లు దాటరాదు, అయిదేళ్ల సగటు 20 దాటరాదు. కొన్ని వేల బెకరెళ్లను పట్టుకోగల పరీక్ష ఆ పరిమితితో పోలిస్తే చాలా కింది నుంచే చూస్తున్నట్టు.

మూత్ర పరీక్షకు ఉన్న లోపం కాలం. ఒంట్లో చేరిన ట్రిటియం నీరు దాదాపు పది రోజులకోసారి సగమవుతుంది. నెల రోజులకు ఎనిమిదో వంతు, వంద రోజులకు వెయ్యో వంతు. అందుకే ఉద్యోగుల నమూనాల మధ్య నెలకు మించి విరామం ఉండకూడదు. భారజల వ్యవస్థల దగ్గర పని ఉన్నవారికి ఇంకా దగ్గరదగ్గరగా తీసుకోవడం మంచిది. పోయిన సంవత్సరం ఏమైందో ఈ రోజు మూత్రాన్ని అడిగితే చెప్పదు. కైగాలో ఆ రోజు బయటపడిందంటే కారణం నమూనాలు క్రమం తప్పకుండా వస్తుండటమే.

నమూనా ఇచ్చే తీరు కూడా ముఖ్యమే. అనుమానం వచ్చిన వెంటనే మూత్రాశయాన్ని ఖాళీ చేయాలి, ఆ మూత్రాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు, అది సంఘటనకు ముందుది. రెండు మూడు గంటలు ఆగి ఇచ్చేదే అసలు నమూనా. పని చోటుకు బయట, చేతులు కడుక్కుని, దుస్తులు మార్చుకున్నాక ఇవ్వాలి. గాలిలోని ట్రిటియం ఆవిరి తెరిచిన డబ్బాలోకి చేరితే మనిషిలో లేనిది కూడా ఉన్నట్టు కనిపిస్తుంది.

ఊపిరిలోని తేమను చల్లార్చి పట్టుకుని కొలిచే పద్ధతి కూడా ఉంది. ఫలితం మూత్రానికి దగ్గరగానే వస్తుంది. మూత్రాశయం ఖాళీ అయ్యేదాకా ఆగనక్కరలేదు గనుక సంఘటన జరిగిన గంటల్లో ఉపయోగపడుతుంది. నిత్యం చేయడానికి మాత్రం మూత్రమే సులువు. ఇక పని చోటులో గాలిని కొలిచే యంత్రాలు, గాలిని నీటిలోంచి బుడగలుగా పంపి అందులోని ట్రిటియాన్ని పట్టే సీసాలు మనిషి పరీక్షకు ప్రత్యామ్నాయం కావు. అక్కడికి వెళ్లవచ్చా వద్దా అన్నది అవి చెబుతాయి. మనిషి లోపలికి ఎంత వెళ్లిందన్నది చెప్పవు.

కొంత ట్రిటియం నీటిగా ఉండక, మాంసకృత్తుల్లోనూ కొవ్వులోనూ కార్బన్‌కు అంటుకుని ఉంటుంది. అది ఎక్కువ కాలం ఆగుతుంది, ఒక బెకరెల్‌కు ఇచ్చే మోతాదు కూడా రెండు రెట్లకు పైనే. దీన్ని కొలవాలంటే నమూనాను ఎండబెట్టి, కాల్చి, వచ్చిన నీటిని పట్టుకుని లెక్కించాలి. బ్రిటన్‌లో కార్డిఫ్ దగ్గర ఒక రసాయన కర్మాగారం వ్యర్థాల వల్ల చేపల్లో, ఆల్చిప్పల్లో ఈ రూపం పేరుకుంది. అలాంటి మూలం దగ్గర చేపలు తినేవారికి ఈ పరీక్ష అర్థవంతం, తక్కినవారికి కాదు.

మీరు ఎవరు?

*అణు కేంద్రంలో పనిచేసే వ్యక్తి, ముఖ్యంగా కాంట్రాక్టు పనివాడు.* కైగా, కల్పక్కం, రావత్‌భాటా వంటి భారజల రియాక్టర్ల దగ్గర ట్రిటియమే ఒంట్లోకి చేరే ప్రధానమైన రేడియోధార్మిక పదార్థం. బ్యాడ్జి లెక్క ఒక్కటే చూసుకుని తృప్తిపడవద్దు. మీ మూత్ర నమూనా చివరిసారి ఎప్పుడు తీసుకున్నారో, ఫలితం ఎంత వచ్చిందో అడిగి రాసుకోండి. పని ముగించుకుని ఇంటికి వెళ్లేరోజున ఇచ్చే ఆఖరి నమూనా వదులుకోవద్దు. ఊరికి వచ్చి రెండు నెలల తరువాత ప్రైవేటు ల్యాబ్ చుట్టూ తిరిగినా ఆ లెక్క దొరకదు. మోతాదు ఎక్కువని తేలితే వైద్యుడి పర్యవేక్షణలో నీళ్లు బాగా తాగిస్తారు. ఆ పది రోజుల సగాన్ని చాలావరకు కుదించవచ్చు.

*అణు కేంద్రం దగ్గరి ఊరివారు.* ఒక్కొక్కరి మూత్రాన్ని పరీక్షించడం వృథా. రోజూ ఆ నీళ్లే తాగితే ఒంట్లోని నీటిలో ట్రిటియం కుళాయి నీటిలో ఉన్నదానికి మూడింట రెండు వంతుల దగ్గర స్థిరపడుతుంది. కుళాయిని కొలిస్తే ఊరంతటినీ కొలిచినట్టే. మన అణు కేంద్రాల దగ్గర భాభా అణు పరిశోధన కేంద్రం నడిపే పర్యావరణ సర్వే ప్రయోగశాలలు నీరు, పాలు, చేపలు, కూరగాయలను పరీక్షిస్తాయి. వాటి ఫలితాల్లో మీ నీటి వనరు పేరు ఉందా అని అడగండి. సొంతంగా చేయిస్తే నేరుగా సింటిలేషన్ చాలు, ఒక్కసారితో సరిపెట్టకుండా వానాకాలంలోనూ ఎండాకాలంలోనూ చేయించండి.

*అమెరికా, కెనడాల్లో స్థిరపడినవారు.* కెనడాలోని ఒంటారియోలో పికరింగ్, డార్లింగ్టన్ అణు కేంద్రాల చుట్టూ తాగునీటి ట్రిటియం లెక్కలు క్రమంగా వెలువడతాయి. అక్కడి తాగునీటి సలహా మండలి 2009లో గీతను లీటరుకు 20 బెకరెళ్లకు దించమని సిఫారసు చేసిన సంగతి తెలుసుకుని ఆ లెక్కలు చదవండి. అమెరికాలో సొంత బావి ఉండి, అణు కేంద్రం పక్కనే ఉంటే పరిస్థితి వేరు. 2022 చివర్లో మిన్నెసోటాలోని మాంటిసెల్లో అణు కేంద్రంలో 4 లక్షల గ్యాలన్ల ట్రిటియం నీరు కారింది. సాధారణ ప్రజలకు ఆ మాట 2023 మార్చిలో తెలిసింది. నగరపాలక కుళాయికి అడగడానికి ఒకరున్నారు, సొంత బావికి మీరే దిక్కు. ఏడాదికోసారి నేరు సింటిలేషన్ చేయించడం అతి కాదు.

*మణుగూరు ప్రాంతంవారు.* గోదావరి ఒడ్డున భారజల కర్మాగారం ఉంది కాబట్టి ట్రిటియం ఉంటుందేమోనని అడుగుతారు. అక్కడ తయారయ్యేది కొత్త భారజలం. అది రియాక్టరులో ఏళ్ల తరబడి న్యూట్రాన్ల మధ్య తిరిగితేనే అందులో ట్రిటియం పేరుకుంటుంది. ఆ కర్మాగారంలో జాగ్రత్త పడవలసింది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు గురించి. ట్రిటియం పరీక్షకు డబ్బు పెట్టవద్దు.

*శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ చుట్టుపక్కలవారు.* మొదట్లో చెప్పిన ఆ ఒక్క సందర్భం ఇదే. ఇక్కడ ఆరు రియాక్టర్లు ప్రతిపాదనలో ఉన్నాయి. అవి భారజలానివి కావు, మామూలు నీటితో నడిచేవి, ట్రిటియం తక్కువగా పుట్టేవి. ఇంకా ఏమీ రాకముందే మీ బావుల్లో ఎంత ఉందో తెలిసి ఉంటే, తరువాత ఎవరు ఏమన్నా పోల్చుకోవడానికి ఒక సంఖ్య ఉంటుంది. నేరు సింటిలేషన్ చేయిస్తే ‘5 కన్నా తక్కువ’ అని వస్తుంది, పోలికకు పనికిరాదు. ఇక్కడే చిక్కబరిచే పద్ధతికి డబ్బు పెట్టాలి. ఇప్పుడు అంత ఖర్చు వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. లీటరు గాజు సీసాలు రెండు నింపి, మూతల మీద మైనం పోసి, బావి పేరూ తేదీ రాసి, పంచాయతీ కార్యాలయం బీరువాలో పెట్టండి. పదేళ్ల తరువాత తెరిచినా తరిగినదాన్ని కలిపి లెక్కగట్టవచ్చు. ప్లాస్టిక్ సీసాలు మాత్రం వద్దు, అంత కాలంలో బయటి తేమ వాటి గోడల గుండా ఇచ్చిపుచ్చుకుంటుంది.